పిలుపులకు వెళ్ళిన బడి

మా బడి పెద్ద టీచరు గారు పోయారు. కబురు నాకు మిరప కల్లంలో అందింది. చీరాల నుంచి వస్తున్న ఆటో ఒకటి డొంకలో ఆగింది. డ్రైవరు దిగకుండానే, "మీ ఊరి బళ్ళో చేసిన టీచరమ్మంట, తెల్లారగట్ట నిద్దట్లోనే పోయిందంట" అని కేకేసి వెళ్ళిపోయాడు. కల్లంలో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళ చేతులు కాసేపు ఆగాయి. ఆరబోసిన కాయల మీద నుంచి ఎర్రటి వెలుగొకటి పైకి లేస్తుంది చూడండి, అందులో దూరంగా ఉన్న మనుషులు నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు కనబడతారు. ఆ రోజు నుంచి నాకు ఊరంతా అలాగే కనబడుతోంది. రాస్తే తేరుకుంటానేమోనని రాస్తున్నాను.

ఆవిడ గురించి పేపర్లో రాలేదు. రాదు కూడా. పిల్లల్ని కోళ్ళ గంపలో కుక్కినట్టు ఆటోల్లో కుక్కి తీసుకుపోయే కాన్వెంటు వాళ్ళ ఫొటోలు వేయడానికే పేపరు వాళ్ళకు చోటు చాలదు. రెండు గదుల బడిలో, వానొస్తే ఒకటే గదిలో, ఊరి పిల్లల నోళ్ళు తెరిపించిన మనిషికి చోటెక్కడిది? అందుకే మీకు చెబుతున్నాను.

ఆ రోజుల్లో నేను డిగ్రీ మధ్యలో వదిలేసి తిరుగుతున్నాను. స్టేషను బయట పాత పుస్తకాల బండి మీద దొరికే చిన్న పుస్తకాలు, సభల్లో పంచే కరపత్రాలు, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. చదివింది చదివినట్టు ఎవరో ఒకరి మీద పోట్లాటగా మారేది. విద్యా వాలంటీరుగా తీసుకుంటామంటే, పిల్లల్లోంచే సమాజాన్ని మార్చేద్దామని మా ఊరి బడిలో చేరాను. టీచరు గారు రోజూ చీరాల నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. నలగని నేత చీర, భుజానికి గుడ్డసంచీ, అందులో మంచినీళ్ళ సీసా. భర్త చిన్న వయసులోనే పోయారట. మొహాన బొట్టుండేది కాదు. ఆ చోటు ఖాళీగా, తుడిచిన పలకలా ఉండేది.

చేరిన మొదట్లోనే నేను మూడో తరగతి పిల్లలకు ఉపన్యాసాలు నేర్పాను. పిడికిలి ఎలా ఎత్తాలో, గొంతు ఎక్కడ పెంచాలో అన్నీ చూపించాను. వాళ్ళు అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పారు. ఒకడైతే సాయంత్రం చెరువు నుంచి గేదెను తోలుకొస్తూ దాని మొహం మీదే "సోదర సోదరీమణులారా! మేల్కొనండి!" అని అరిచాడట. ఊరంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"మీరూ నవ్వుతున్నారా టీచరు గారూ?"

"నవ్వక ఏం చెయ్యను బాబూ? వాడు గేదెతో అనడమే నయం. అది తోకన్నా ఊపింది. నిన్న వాళ్ళు అప్పజెబుతుంటే మనం బెంచీల మీద కూర్చుని అదీ చెయ్యలేదు."

ఆవిడ బడిలో మొదటి పాఠం మాట్లాడటం కాదు, ఊఁ కొట్టడం. ఒక పిల్ల ఏదన్నా చెబుతుంటే ఇంకో పిల్ల ఎదురుగా కూర్చుని ఊఁ కొట్టాలి. చెప్పేది ఏదైనా సరే. రాత్రి ఇంట్లో పిల్లి ఈనిన సంగతి, తాత చుట్ట పోయిన సంగతి, పత్తి చేలో పాము కుబుసం దొరికిన సంగతి. ఊఁ ఆగితే కథ ఆగాలి. ఆగిన కథ ఎక్కడ ఆగిందో ఊఁ కొట్టే పిల్లే చెప్పాలి. చెప్పలేకపోతే, "విననే లేదు టీచర్!" అని పెద్ద గోల. మధ్యాహ్నాలు బడి ముందు నుంచి వెళుతుంటే లోపల నుంచి ఊఁ... ఊఁ... అని పావురాల గూట్లోంచి వచ్చినట్టు వినిపించేది. ఇప్పటికీ ఆ దారిన పోతే నాకు వినిపిస్తుంది. నిజంగా వినిపిస్తుందో లేదో నన్ను అడక్కండి.

"మాట నోట్లో పుట్టదు బాబూ, వినేవాళ్ళ చెవిలో పుడుతుంది. ముందు చెవిని తయారు చేసుకుందాం" అనేవారు. పిల్ల ఏదన్నా చెప్పడానికి దగ్గరకొస్తే సుద్దముక్క కింద పెట్టేవారు. తన మొహం ఆ పిల్ల మొహం కన్నా కిందికి వచ్చేదాకా వంగేవారు, లేకపోతే నేల మీదే కూర్చునేవారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరొకాయన, "వాడు అన్నీ యాస మాటలే మాట్లాడుతున్నాడు, దిద్దరేమిటమ్మా?" అని అడిగాడు. "దిద్దితే ఇంకో మాట చెప్పడండి. వాణ్ణి ముందు చెప్పనివ్వండి, భాష ఎక్కడికీ పారిపోదు" అన్నారావిడ. ఆయన మొహం చిట్లించాడు. ఇంగ్లీషు పద్యాలు రావా అని అడిగి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. పల్లెటూరి పిల్లాడి నోటి మాటను మురికిగా చూసే ఆ చూపు మీద నాకు ఈనాటికీ కోపం చల్లారలేదు.

ఇక పిలుపుల సంగతి. మన వైపు పేరంటానికి పిలవాలంటే ఇంటింటికీ వెళ్ళి, బొట్టు పెట్టి, నోటితో రమ్మని చెప్పి రావాలి కదా. టీచరు గారు ఆ ఆనవాయితీని అలాగే బడిలోకి తెచ్చేశారు. నెలకో శనివారం మధ్యాహ్నం ఊళ్ళో పెద్దవాళ్ళు బడికి రావాలి, పిల్లలు చెప్పేది వినాలి. వాళ్ళను పిలిచే పని పిల్లలది. చీటీ ఇవ్వరు. డప్పు వేయించరు. ఇద్దరిద్దరు పిల్లలు జంటగా వెళ్ళాలి. గుమ్మంలో వరస పెట్టి పిలవాలి, భరిణెలోంచి కుంకుమ పెట్టాలి, ఎందుకు రమ్మంటున్నారో చెప్పాలి, వాళ్ళు ఏమడిగినా జవాబు చెప్పి రావాలి. బొట్టు పెట్టుకోని ఇళ్ళలో పటికబెల్లం ముక్క ఇవ్వాలి. ఊరి బయట పల్లె, చర్చి వీధి, ఏ ఇల్లూ మానకూడదు.

నేను ఊరుకుంటానా? "సర్కారు బళ్ళో కుంకుమ భరిణెలేంటండీ? మనం నేర్పేది శాస్త్రీయ దృక్పథమా, పేరంటమా?" అని స్టాఫు రూములో, అంటే మా ఒక్కగానొక్క బీరువా ముందు, గట్టిగా నిలదీశాను. ఆవిడ నీళ్ళ సీసా మూత పెట్టి నెమ్మదిగా అన్నారు.

"నీ పుస్తకాల్లో ఏముందో నాకు తెలీదు బాబూ. చిన్నపిల్ల వచ్చి పిలిస్తే ఈ ఊళ్ళో తలుపు తీసేది ఇదొక్కదానికే. నీకు ఇంకోటి తెలిస్తే చెప్పు, రేపట్నుంచి అదే చేద్దాం."

సైకిలెక్కి వెళ్ళిపోయాను.

ఆ ఏడు మూడో తరగతిలో నాగమణి అని ఒక పిల్ల ఉండేది. బడిలో నోరు విప్పేది కాదు. పేరు అడిగితే చూసేది. కొట్టినా చూసేది, బెల్లం పెట్టినా చూసేది. పిల్లలు మూగనాగు అనేవారు. మిరపకోతలు జోరందుకోబోతుండగా వాళ్ళ నాన్న ఆ పిల్లను బడి మాన్పిస్తానని చెప్పి పంపాడు. నేను నేరుగా ఆయన కల్లానికే పోయాను.

"ఆడపిల్లను చదువు మాన్పించే హక్కు మీకెవరిచ్చారు?"

"ఏందిరా అబ్బాయ్, హక్కులు మాట్టాడతన్నావ్? నీకీ ఉద్యోగం వచ్చిందాకా నువ్వూ నా కల్లంలో కాయలు ఏరినోడివే గదా."

"మాట మార్చొద్దు. అమ్మాయిని బడికి పంపిస్తారా, లేదా?"

"అది ఇంట్లో గడగడా మాట్టాడుద్ది. మీ బళ్ళోకొస్తే నోరు పడిపోద్ది. బొమ్మల్లే కూకోటానికి బడి ఎందుకు? ఇక్కడ కూకుంటే తాలుకాయన్నా ఏరుద్ది. కోతలు జోరందుకునే లోపల దాని నోట ఒక్క మాట పలికించండి, పంపిస్తా. లేకపోతే లేదు. పో, పోయి నీ కరపత్రాలు చదువుకో."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అసలు తప్పు వ్యవసాయ సంక్షోభానిదని, పితృస్వామ్యానిదని పొద్దున్నే టీచరు గారికి వివరించాను. ఆవిడ అంతా విని, ఊఁ కూడా కొట్టి, "అయ్యుండొచ్చు. కానీ పద్మకు జ్వరమొచ్చిన రోజు నాగమణి నా దగ్గరకొచ్చి 'మంచినీళ్ళు తాగొస్తా టీచర్' అంది. పద్మ బడికొచ్చిన రోజు అనదు. ఎందుకంటావు?" అని అడిగారు.

ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. పద్మ నాగమణి పెదనాన్న కూతురు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగాదా పడి ఇల్లు పంచుకున్నారు, నడుమ గోడ లేపారు. ఆ రెండిళ్ళకూ మాటల్లేవు. నాయనమ్మ పెదనాన్న వాటాకు వెళ్ళింది. పద్మతో మాట్లాడితే నాలిక మీద వాత పెడతానని నాగమణికి వాళ్ళమ్మ చెప్పింది. పద్మకు వాళ్ళమ్మా అదే చెప్పి ఉంటుంది, కాని పద్మ గడుసుది, మిగిలిన వాళ్ళందరితో మాట్లాడేసేది. నాగమణికి ఆ తేడా చేతకాలేదు. పద్మ కూర్చున్న గదిలో ఏ మాట అన్నా పద్మకు వినబడుతుంది, వినబడితే మాట్లాడినట్టే. అందుకని ఆ చిన్న బుర్ర అసలు మాటే మానేసింది. మన పెద్దవాళ్ళ పౌరుషాలు ఎవరి గొంతులో ముల్లై దిగుతాయో చూడండి.

టీచరు గారు ముందు నాగమణిని ఊఁ కొట్టే పిల్లగా కూర్చోబెట్టారు. ఊఁ కొట్టడానికి పెదవి విప్పక్కర్లేదు కదా. పద్మ చెప్పే రోజు వచ్చినప్పుడు కూడా మార్చలేదు. పద్మ ఏదో బావిలో పడ్డ మేకపిల్ల కథ చెప్పింది. నాగమణి కళ్ళు మూసుకుని ఊఁ కొట్టింది. కథ అయ్యాక కూడా ఒకసారి కొట్టింది. కిటికీలోంచి పత్తి నూగు ఒకటి తేలుతూ వచ్చి బల్ల మీద వాలడం నాకు గుర్తుంది.

తర్వాత పిలుపులకు జంటలు వేసేటప్పుడు టీచరు గారు నాగమణినీ పద్మనూ ఒక జంట చేశారు. వాళ్ళకు ఇచ్చిన ఇల్లు పద్మ వాళ్ళది. లోపల నాయనమ్మను పిలిచి రావాలి.

"గొడవలవుతాయండి" అన్నాను.

"అబ్బో! గొడవలకు భయపడేది నువ్వా?" అని నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు లేదు. "మాటల్లేని ఇళ్ళ మధ్య పిలుపులుండవు బాబూ. పిలుపు మొదలైతే మాటకు దారి ఉంటుందేమో. నాకూ భయంగానే ఉంది. నువ్వు సందు మొదట్లో నిలబడు."

నిలబడ్డాను. పద్మ వాళ్ళ ఇల్లు మొదటిదే, గుమ్మంలోంచి లోపలి మంచం దాకా కనబడుతుంది. పొద్దు వాలుతోంది. మిరప ఘాటుకు వీధి మొత్తం సన్నగా దగ్గుతోంది. పద్మ ముందు, భరిణె పట్టుకుని నాగమణి వెనక. ఆ ఇంటి గుమ్మం ముందు నాగమణి కాళ్ళు ఆగిపోయాయి. పద్మ వాళ్ళమ్మ చేట పట్టుకుని బయటికొచ్చింది. పిల్లను చూసింది. చేతిలో భరిణె చూసింది. ఎదురింటి ఆడవాళ్ళు పనులు ఆపి చూస్తున్నారు. ఆమె దవడ బిగుసుకుంది, ఏదో అనబోయింది. కాని కుంకుమతో వచ్చిన వాళ్ళను గుమ్మంలోంచి తిప్పి పంపడం మన దగ్గర ఎవరూ చెయ్యలేరు. ఆమె చేట దించి, మొహం పక్కకు తిప్పుకునే నుదురు వంచింది. నాగమణి మునివేళ్ళ మీద లేచి బొట్టు పెట్టింది. మాట మాత్రం రాలేదు. బొట్టు పెట్టడంతో పని అయిపోయిందనుకుందో ఏమో, వెనక్కు తిరగబోయింది.

అప్పుడు లోపల నులక మంచం మీద నుంచి ముసలామె పిలిచింది. "ఎవరే కోడలా, వచ్చిందీ?"

కోడలు పలకలేదు. పలికితే ఆ పిల్ల పేరు చెప్పాలి.

"ఎవరమ్మా? నాకు శుక్లాలు, కళ్ళు ఆనవు. నోరు తెరిచి చెప్పు తల్లీ."

నాయనమ్మకు బొట్టు పెట్టి సరిపెట్టుకోవడానికి లేదు. భర్త పోయిన మనిషి, ఊరి లెక్కలో ఆమెకు కుంకుమ లేదు. చూపూ ఆనని ఆమెను పిలవాలంటే మాట ఒక్కటే దారి. నాగమణి గడప దాటి మంచం దగ్గరికి వెళ్ళింది. నాకు వీపు మాత్రమే కనబడుతోంది, జాకెట్టు గుండీ ఒకటి ఊడి ఉంది.

"నేనే నాయనమ్మా. నాగమణిని."

ముసలామె చెయ్యి గాలిలో వెతికి ఆ పిల్ల మొహాన్ని పట్టుకుంది.

"శనారం మజ్జాన్నం మా బడికి రా. మేం చెబుతాం, నువ్వు వినాల. పద్మ చెయ్యి పట్టుకుని తీసుకొస్తది. నేను పక్కనే కూకుంటా." ఆగి, ఊపిరి తీసుకుని, "వత్తావా?" అంది.

"వస్తానే" అంది నాయనమ్మ. "నువ్వు పిలిస్తే రానా?"

బడికి పరుగెత్తుకుంటూ వచ్చి టీచరు గారికి చెప్పాను. ఆవిడ బస్సు వదులుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. తర్వాత, "మాలాంటి వాళ్ళకు బొట్టు పెట్టరు బాబూ. మాటే మిగిలింది. అది కూడా లేకపోతే ఎట్లా?" అన్నారు. 'మాలాంటి వాళ్ళు' అన్నప్పుడు ఆవిడ గొంతులో ఏ బరువూ లేదు. నాకే ఈ లోకాన్ని పట్టుకుని కుదపాలనిపించింది.

శనివారం జనం వచ్చారు. తొడిమలు తీసే పని కూడా వెంట తెచ్చుకుని ఆడవాళ్ళు కింద కూర్చున్నారు. నాగమణి వాళ్ళ నాన్నను పిలవడానికి వేరే జంటతో పాటు పద్మే వెళ్ళిందట. "బాబాయ్" అని పిలిచేసరికి ఆయన లుంగీ సర్దుకుని, సరేనని తల ఊపాడట. వచ్చి ప్రహరీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అన్న అవతలి చివర నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఊరంతా ఉంది.

నాగమణి నాయనమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని, కల్లంలో వాన పడ్డ రాత్రి సంగతి చెప్పింది. పట్టాలు కప్పబోయి నాన్న లుంగీ మేకుకు తగులుకుని చిరిగిందట. అయినా ఆయన ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో పట్టా పట్టుకుని "మణీ, దీపం చూపెట్టవే!" అని అరిచాడట. నాగమణి దీపం ఆయన మొహాన పెట్టిందట గాని కాయల మీద పెట్టలేదట. జనం విరగబడి నవ్వారు. నాయనమ్మ ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టింది. గోడ దగ్గర ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడో ఇంకేమిటో ఆ ఎండలో నాకు తెలియలేదు. "దొంగముండ, ఇంట్లో సంగతులన్నీ బళ్ళో చెబుద్ది" అన్నాడు పక్కవాడితో. కోతలు జోరందుకున్నాయి. మిగతా పిల్లలు కొందరు కల్లాలకు పోయారు. నాగమణి బడికొచ్చింది.

మీకు అబద్ధం చెప్పను. అన్నదమ్ములకు మాటలు కలవలేదు, ఇప్పటికీ లేవు. గోడ అలాగే ఉంది. ఎవరో ఒక మంచి టీచరుతో లోకం మారిపోతుందని చెప్పే పుస్తకాల మీద నాకు నమ్మకం లేదు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ నాగమణి మాత్రం రోజూ సాయంత్రం ఆ గుమ్మం ఎక్కేది. పిలుపుకి వచ్చానని చెప్పేది. ఏ పిలుపని ఎవరూ అడగలేదు.

తర్వాత టీచరు గారు రిటైరయ్యారు. కొత్తవాళ్ళకు పిలుపులు చాదస్తంగా తోచాయి. కాన్వెంటు ఆటోలు పెరిగాయి. చీరాలలో వాళ్ళింటికి వెళితే టీ ఇచ్చి, "చెప్పు, ఏం పోట్లాట తెచ్చావు?" అని కింద చాప మీద కూర్చునేవారు. నా అరుపులన్నీ విన్న తర్వాత, "నువ్వు మంచి మాటలే చెబుతావు బాబూ. ఎదుటివాడికి ఊఁ కొట్టే సందివ్వు" అనేవారు. మొన్నటి వరకూ అంతే.

ఆదివారం బడి ఆవరణలో సంతాప సభ పెట్టాం. ఆవిణ్ణి ఒక్కసారీ చూడని పెద్దమనుషులు ఆవిడ సేవల గురించి మైకులో చాలాసేపు మాట్లాడారు. నాకు నెత్తురు పొంగింది గాని, ఊరుకున్నాను. చివర్లో ఒకాయన రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నాడు. అందరం లేచి తలలు వంచాం. గాలి లేదు. ఎక్కడో మార్టూరు వైపు వెళ్ళే రాళ్ళ లారీ మూలుగు.

ముందు వరసలో ఒకటో తరగతి పిల్లాడొకడు టీచరు గారి ఫొటో కేసి వేలు చూపిస్తూ, "అక్కా, ఈమె ఎవురు?" అన్నాడు. గట్టిగానే అన్నాడు. వెనక నుంచి ఎవరో "ష్" అన్నారు. "ఎవురక్కా? యాడికి పోయింది?"

వాడి పక్కన నాగమణి ఉంది. ఇంటరు చదువుతోందిప్పుడు. మైకు దగ్గర పెద్దమనిషి కళ్ళెర్రజేశాడు. నాగమణి ఆయన వైపు చూడలేదు. చీర కుచ్చిళ్ళు ఒడిసిపట్టుకుని మట్టిలో కూర్చుంది. గుసగుసగా కాదు, మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది. ఈమె చీరాల నుంచి బస్సులో వచ్చేది, మేం పిల్లలప్పుడు, మా ఊళ్ళో... వాడు ఏదో అడిగాడు, ఆమె చెప్పింది. వాడు మళ్ళీ అడిగాడు. రెండు నిమిషాలు అయ్యాయని ఎవరూ అనలేదు. తలలు వంచి నిలబడ్డ మగవాళ్ళు తువ్వాళ్ళు చేతుల్లో అలాగే పట్టుకుని, ఆ గొంతు వచ్చే వైపు కొంచెం కొంచెంగా ఒరుగుతున్నారు.